అమ్మ ఏం చేస్తుంటారు?

మా బాబుకి మూడున్నరేళ్ళప్పుడు, అంటే 2009 డిసెంబరులో, హైదరాబాదులో ఒక డాక్టరు గారి గదిలో కూర్చున్నాం. నేనూ నా సహచరుడూ పక్కపక్క కుర్చీల్లో, బాబు నా ఒళ్ళో. డాక్టరు గారు కాగితం మీంచి తలెత్తకుండానే అడిగారు.

"అమ్మ ఏం చేస్తుంటారు?"

"జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతానండి."

"మరి పగలంతా బాబు ఎవరి దగ్గరుంటాడు?"

"మా అత్తమ్మ దగ్గర."

ఆయన ఏదో రాసుకున్నారు. ఏం రాసుకున్నారో నాకు తెలీదు. నాన్న ఏం చేస్తుంటారని మాత్రం అడగలేదు. గంట తర్వాత మాకు "ఆటిజం" అనే మాట చెప్పారు. ఆ మాట నేను అంతకుముందు ఒకటి రెండుసార్లు పేపర్లో చదివాను. మా ఇంట్లో ఇంకెవరూ విననే లేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వాడు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పటిదాకా నాలుగైదు మాటలకు మించి పలకని పిల్లవాడు ఉన్నట్టుండి, ఆ డాక్టరు గారి గొంతుతో, అదే విరుపుతో అన్నాడు: "అమ్మ ఏం చేస్తుంటారు?"

నా సహచరుడికి పట్టరాని సంతోషం. "విన్నవా, పూర్తి వాక్యం మాట్లాడిండు" అని బస్సులో అందరికీ వినపడేలా అరిచాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. నా కొడుకు మొదటి వాక్యం నా మీద వేసిన ప్రశ్న.

ఆ వాక్యం మా ఇంట్లో పదిహేనేళ్ళుగా ఉంది. భయమేసినా అదే అంటాడు. చుట్టాలొచ్చినా, మిక్సీ మోగినా, ఫంక్షన్ హాల్లో డీజే పెట్టినా చెవులు మూసుకుని అదే అంటాడు. విన్నమాటను ఎప్పుడో తర్వాత అలాగే పలకడం ఆటిజం పిల్లల్లో చాలామందికి ఉంటుంది. అమెరికాలో లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంలోనే ఈ సంగతి ఉంది. చాలాకాలం దీన్ని అర్థంలేని చిలకపలుకు అనుకున్నారు, మాన్పించాలని చూశారు. 1980ల మొదట్లో బారీ ప్రిజాంట్ లాంటి పరిశోధకులు అలా కాదని, పిల్లలు ఆ అరువు మాటలతోనే అడుగుతారని, వద్దంటారని, తమను తాము ఊరుకోబెట్టుకుంటారని చూపించారు. నాకు ఇదంతా చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటిదాకా వాడు ఆ మాట అన్న ప్రతిసారీ నన్నే నిలదీస్తున్నాడని అనిపించేది.

మాది రావిర్యాల. బాబు పుట్టిన 2006 నాటికి ఇంకా ఊరిలాగానే ఉండేది. చెరువు, కట్ట, పొలాలు, గొర్ల మందలు. ఆ తర్వాత ఊరి చుట్టూ ఫ్యాబ్ సిటీ అన్నారు, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో ఒక ముక్క మా పక్కనుంచే పోయింది, 2016లో వండర్‌లా వచ్చింది. ఇప్పుడు మా ఊరి పేరు చెబితే హైదరాబాదు వాళ్ళు "వండర్‌లా దగ్గరా?" అంటారు. ఇంత వచ్చినా, మా బాబులాంటి పిల్లలకు కావలసిన దేనికైనా మేం బస్సెక్కి నగరంలోకి పోవలసిందే.

డాక్టరు గారి దగ్గర్నుంచి వచ్చాక ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. మా ఆడబిడ్డ, "మొగపిల్లలకు మాటలు ఆలస్యమే వదినె, ఊకె పరేషాన్ కాకు" అంది. పక్కింటావిడ, "కొలువు చేసే తల్లి పిల్లలు గట్లనే అయితరు" అంది. అత్తమ్మ అయితే, "గ్రహణం నాడు వద్దంటె వినకుండ కాలేజీకి పోయినవ్" అని నాలుగేళ్ళ కిందటి మాట తవ్వింది. పోచమ్మకు మొక్కింది. తాయత్తు కట్టించింది. జహంగీర్ పీర్ దర్గాకు తీసుకుపోయింది. ఆవిడతో నాకు రోజూ గొడవే.

అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. బాబు ఒకే ఒక్క స్టీలు పళ్ళెంలో తింటాడనీ, పళ్ళెం మారితే ఉపాసం ఉంటాడనీ మొదట కనిపెట్టింది ఆవిడే. మిక్సీ చప్పుడు వాడి చెవుల్ని కోస్తుందని కనిపెట్టి, అటకమీది మిక్సీని అక్కడే ఉంచి, అరవై దాటిన వయసులో మళ్ళీ రోట్లో పచ్చడి నూరింది. ఆవిడకు ఆటిజం అనే పేరు తెలీదు, పిల్లవాడు తెలుసు. నాకు పేరు తెలుసు, దాని మీద పది పుస్తకాలు తెలుసు. పిల్లవాణ్ణి మార్చాలన్న ఆత్రంలో వాణ్ణి చూడడం తగ్గించేశాను. అంతమాత్రాన ఆవిడ గ్రహణం మాట నన్ను బాధపెట్టలేదని కాదు. ఒకే మనిషి ఆదుకుంటుంది, నిందిస్తుంది కూడా. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ మధ్య బతుకు ఇలాగే ఉంటుంది.

గ్రహణం మాటను మూఢనమ్మకమని తోసిపుచ్చడం సులువు. చదువుకున్నవాళ్ళ నిందను ఎట్లా తోసిపుచ్చాలి? దానికోసమే నేను ఈ విషయం చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నాకు తెలిసింది, పక్కింటావిడా ఆ డాక్టరు గారూ అడిగిన ప్రశ్నకు చాలా పెద్ద వంశవృక్షం ఉందని.

కానర్ 1943 వ్యాసంలోనే ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ప్రేమగా, ఆప్యాయంగా ఉండేవాళ్ళు తక్కువని రాశాడు. 1949లో ఇంకో వ్యాసంలో పిల్లల్ని రిఫ్రిజిరేటర్‌లో పెట్టినట్టు పెంచారనే పోలిక తెచ్చాడు. ఆయన తల్లినీ తండ్రినీ ఇద్దరినీ అన్నాడు. కానీ జనం నోట్లో అది "రిఫ్రిజిరేటర్ మదర్" అయింది. తండ్రి ఎక్కడ జారిపోయాడో ఎవరూ వెతకలేదు. చికాగోలో పిల్లల కోసం ఒక బడి నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో "ది ఎంప్టీ ఫోర్ట్రెస్" అనే పుస్తకం రాశాడు. ఆయన స్వయంగా 1938, 39ల్లో నాజీల నిర్బంధ శిబిరాల్లో ఉండి వచ్చినవాడు. ఆ ఖైదీల స్థితికీ ఈ పిల్లల స్థితికీ పోలిక తెచ్చాడు. అంటే ఇల్లు శిబిరం అయితే అమ్మ కాపలా సైనికుడన్నమాట. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి దూరంగా ఉంచడమే వైద్యమన్నాడు. ఎందరు తల్లులు ఈ మాట నమ్మి తమ పిల్లల్ని అప్పగించి, బయట కూర్చుని తమను తాము తిట్టుకున్నారో!

దీన్ని ముందుగా గట్టిగా ఎదిరించింది బెర్నార్డ్ రిమ్‌లాండ్. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్త, ఆటిజం ఉన్న కొడుకుకి తండ్రి. 1964లో తన పుస్తకంలో ఇది పుట్టుకతో మెదడు ఎదుగుదలకు సంబంధించిందే గాని పెంపకం వల్ల కాదని వాదించాడు. 1969లో తల్లిదండ్రుల సమావేశంలో కానర్ స్వయంగా వాళ్ళమీద ఏ నేరమూ లేదని చెప్పాడు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైఖేల్ రట్టర్ 21 జతల కవలల్ని పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జతల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు అండాల నుంచి పుట్టిన పది జతల్లో ఒక్కదాంట్లో కూడా ఇద్దరికీ లేదు. వంశపారంపర్యం పాత్ర ఎంత పెద్దదో అక్కడ తేలింది. ఆ తర్వాత వచ్చిన పరిశోధన అంతా దాన్నే బలపరిచింది.

ఈ చరిత్రలో ఇంకో అన్యాయం ఉంది. కానర్ కన్నా పదిహేడేళ్ళు ముందే, 1926లో, గ్రున్యా సుఖరేవా అనే సోవియట్ వైద్యురాలు ఆరుగురు అబ్బాయిల గురించి జర్మన్ భాషలో వ్యాసం అచ్చువేసింది. ఇప్పుడు మనం ఆటిజం అనే లక్షణాలు చాలావరకు అందులో ఉన్నాయి. 1996లో ఇంగ్లీషులోకి వచ్చేదాకా ఆమె పేరు చాలామందికి తెలీదు. కనిపెట్టిన స్త్రీ పేరు మరుగున పడింది, కన్న స్త్రీ పేరు నేరస్తుల జాబితాకెక్కింది.

1969లో తల్లులు నిర్దోషులని తేలింది కదా, మరి 2009లో నన్నెందుకు ఆ ప్రశ్న అడిగారు? నిజానికి శాస్త్రం తన మాట వెనక్కి తీసుకున్నా, ఆ మాట దిగిన చోటునుంచి లేచి పోలేదు. అది వేషం మార్చుకుంది. "నీవల్ల వచ్చింది" అనడం మానేసి "నీవల్లే తగ్గాలి" అనడం మొదలుపెట్టింది.

నగరంలో ఒక థెరపీ కేంద్రంలో బాబును చేర్చాం. వారానికి మూడు రోజులు, పోను రాను నాలుగు గంటల ప్రయాణం, అక్కడ నలభై ఐదు నిమిషాల క్లాసు. చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చారు. మీద "ఇంటి దగ్గర చేయవలసినవి" అని రాసి ఉంది. పొద్దున కళ్ళలోకి చూసే అభ్యాసం, తర్వాత పూసలు గుచ్చడం, ఊయల, బొమ్మలు చూపి పేర్లు చెప్పించడం. ప్రతిదాని ఎదురుగా ఒక గడి, పేజీ చివర "అమ్మ సంతకం". అచ్చులోనే అలా ఉంది. ఏ వారమైనా గడులు నిండకపోతే అక్కడి అమ్మాయి మెత్తగానే అనేది, "మేడమ్, మీరు టైమ్ ఇవ్వాలి కదా, ఐదేళ్ళలోపు ఏం చేస్తే అదే." ఆ "ఐదేళ్ళలోపు" అనే మాట నా మెడమీద కత్తిలా వేలాడేది.

నేను కాంట్రాక్టు లెక్చరర్‌ని. మాకు దీర్ఘకాలం సెలవంటే ఉద్యోగం పోవడమే. 2010 జూన్‌లో కాలేజీ తెరిచినప్పుడు నేను పోలేదు. తెలంగాణ స్త్రీల పాటల మీద పిహెచ్‌డి మొదలుపెట్టి ఉన్నాను, మరుసటేడు అదీ ఆగిపోయింది. ఇందులో ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. నా సహచరుడు "నీ ఇష్టం" అన్నాడు. ఆయనది ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం, పర్మినెంటు. జీతం ఎక్కువున్నవాళ్ళు ఉండాలి, తక్కువున్నవాళ్ళు మానాలి అనేది మా ఇంట్లో లెక్క. ఎవరి జీతం తక్కువ ఉంటుందో, ఎందుకు తక్కువ ఉంటుందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. నేను సభల్లో ఇంటిచాకిరీ గురించి మాట్లాడినదాన్ని, వ్యాసాలు రాసినదాన్ని. నాకే ఆ లెక్కలో తప్పు కనపడలేదు. పిల్లవాడి ముందు సిద్ధాంతమేమిటి అనిపించింది.

సదరం క్యాంపుకి పోయినప్పుడు మాకిచ్చిన సర్టిఫికెట్‌లో "బుద్ధిమాంద్యం" అని రాశారు. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు మరి. సికింద్రాబాదు బోయినపల్లిలోని జాతీయ సంస్థ 40 అంశాలతో ఆటిజం అంచనాకు ఒక భారతీయ కొలమానం తయారుచేసి 2009లో విడుదల చేసింది. ఒక్కో అంశానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. 70కి లోపు వస్తే లేనట్టు, 153 దాటితే తీవ్రం. కొలవడానికి గజంబద్ద మన ఊళ్ళోనే తయారైంది. చట్టంలో ఆ పేరు చేరడానికి 2016 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడు వచ్చిన కొత్త చట్టం వైకల్యాల్ని 21కి పెంచి ఆటిజాన్ని చేర్చింది. అప్పుడు మా బాబు కాగితం మీద వాడి అసలు పేరు వచ్చింది.

ఇక నేను చెప్పడానికి ఇష్టపడని సంగతి చెప్పాలి. దానికోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

2014లో ఒక ప్రైవేటు కాలేజీలో గంటల లెక్కన మళ్ళీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను. 2015 ఆగస్టు, రెండో శనివారం. నా సహచరుడికి సెలవు. నాకు పరీక్షల డ్యూటీ. అత్తమ్మ ఆడబిడ్డ ఇంటికి పోయింది. ఇంట్లో ఆయన, పదమూడేళ్ళ మా పాప, తొమ్మిదేళ్ళ బాబు ఉన్నారు. మధ్యాహ్నం మూడింటికి ఫోన్ వచ్చింది, బాబు కనపడడం లేదని.

ఆటిజం ఉన్న పిల్లలు చెప్పకుండా వెళ్ళిపోవడం, ముఖ్యంగా నీళ్ళవైపు పోవడం ఏ దేశంలో తల్లిదండ్రుల్ని అడిగినా చెబుతారు. వాడికి నీళ్ళంటే ప్రాణం. వానలు పడి చెరువులో కొత్తనీళ్ళు వచ్చాయి. ఆటోలో వస్తున్నంతసేపూ నేను దేవుణ్ణి తల్చుకోలేదు, చెరువు లోతు ఎంతో తల్చుకున్నాను.

నేను వచ్చేసరికి వాడు దొరికాడు. మత్తడి దగ్గర కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే గొర్లు కాసే ఆయన గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. వాకిట్లో ముప్ఫై మంది జనం. "తల్లి ఏడికి పోయింది?" అని ఎవరో అంటున్నారు. "తల్లి ఏం చేస్తుండె?" అని ఇంకెవరో. పిల్లవాడి తండ్రి వాళ్ళ మధ్యలోనే నిలబడి ఉన్నాడు. వాడు బయటికి పోయినప్పుడు ఆయన అరుగు మీద ఫోన్ మాట్లాడుతున్నాడు. "నువ్వేం చేస్తుంటివి?" అని ఆయన్ని ఒక్కరు అడగలేదు.

నేనూ అడగలేదు. నేను గుంపును తోసుకుని లోపలికి పోయి, తలుపు పక్కన వణుకుతూ నిలబడ్డ మా పాప భుజం పట్టుకుని ఊపేశాను. "నువ్వేం చేస్తున్నవే? తమ్ముణ్ణి చూసుకొమ్మని చెప్పలేదా?" అని అరిచాను. ఆ పిల్ల లోపలి గదిలో హోంవర్కు రాసుకుంటోంది.

బాబు చెవులు మూసుకుని అన్నాడు, "అమ్మ ఏం చేస్తుంటారు?"

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఐదారేళ్ళుగా నన్ను కోసిన ప్రశ్నను ఒక్క క్షణం ఆలోచించకుండా నా కూతురి చేతికి ఇచ్చాను. ఇంట్లో ఉన్న పెద్దమనిషిని వదిలేసి పదమూడేళ్ళ ఆడపిల్లను పట్టుకున్నాను. కోపం కూడా ఎవరిమీద పోవాలో ముందే నేర్చుకుని ఉందా? పితృస్వామ్యం అనే మాట ఎన్నిసార్లు రాశాను! అది నా వేళ్ళల్లోనే ఉందని ఆ పిల్ల భుజం మీద ఎర్రటి మచ్చలు చూసినప్పుడు తెలిసింది.

మరునాడు నా సహచరుడితో మాట్లాడాను. అది పెద్ద యుద్ధమేం కాదు. ఆయన చాలాసేపు ఊరుకుని, "నాకు వాడితోటి ఎట్లుండాల్నో తెల్వది. నీకు తెలుసు కదా అని నేను దూరమున్న" అన్నాడు. నాకూ పుట్టుకతో తెలీదు, నోటుబుక్కు ఇచ్చి నేర్పారు అన్నాను. ఆ నోటుబుక్కు తీసి "అమ్మ సంతకం" అన్నది కొట్టేసి "నాన్న సంతకం" అని రాసిచ్చాను. కోపంతోనే చేశాను. కానీ ఆయన పెన్ను తీసుకున్నాడు.

తర్వాత బోయినపల్లిలో తల్లిదండ్రుల శిక్షణకు ఆయనే సెలవుపెట్టి పోయాడు. గది నిండా తల్లులు, మగవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు. అక్కడి ఆడవాళ్ళు నాకు ఫోన్ చేసి, "ఎంత అదృష్టవంతురాలివమ్మా" అన్నారు. నేను ఆరేళ్ళు చేసినప్పుడు ఆయన్ని ఎవరూ అదృష్టవంతుడు అనలేదు. అయినా ఆ వారం నుంచి బాబుకి స్నానం పోయడం, బొమ్మల కార్డులతో మాట్లాడించడం ఆయన పని అయింది. రెండేళ్ళు పట్టింది ఆయనకు చెయ్యి తిరగడానికి. ఈలోగా ఎన్నిసార్లు నేను లాక్కుని నేనే చేసేయబోయానో! చాకిరీ వదులుకోవడం కూడా మనకు తేలిగ్గా రాదు.

తల్లుల గురించి ఇంకో రకం కథ ఉంది. బ్రిటన్ వైద్యురాలు లోర్నా వింగ్ తన కూతురికి ఆటిజం ఉండడం వల్లనే ఈ రంగంలోకి వచ్చింది. జుడిత్ గౌల్డ్‌తో కలిసి 1979లో ఆమె అచ్చువేసిన అధ్యయనం వల్లనే, ఇది ఒక గీతకు అటో ఇటో ఉండే జబ్బు కాదు, ఎన్నో రూపాల్లో పరుచుకున్న వర్ణపటం అనే అవగాహన వచ్చింది. మన దేశంలో మెరీ బారువా అనే తల్లి 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థను మొదలుపెట్టింది. వీళ్ళ పేర్లు తల్చుకుంటే నాకు ధైర్యం వస్తుంది. నేరస్తులుగా నిలబెట్టిన చోటే తల్లులు జ్ఞానాన్ని తయారుచేశారు.

కానీ ఈ కథలో కూడా ఒక ఉచ్చు ఉంది. ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం అవగాహన దినం వస్తుంది. ఐక్యరాజ్య సమితి 2007లో తీర్మానించగా 2008 నుంచి జరుపుతున్నారు. ఆ రోజున సభల్లో మాకు శాలువాలు కప్పి "త్యాగమూర్తులు" అంటారు. ఒకసారి నాకూ కప్పారు. నింద అయినా పొగడ్త అయినా చేసే పని ఒకటే, ఆ చాకిరీ తల్లి దగ్గరే ఉంచడం. నాకు శాలువా వద్దు. బాబుకి జ్వరమొచ్చిన రోజు సెలవు కావాలి.

ఈ మాట ఇప్పుడు కోర్టు కూడా అంది. హిమాచల్ ప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలు, వైకల్యం ఉన్న కొడుకు సంరక్షణకు సెలవు అడిగితే నిరాకరించారు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు ఉన్న 730 రోజుల శిశు సంరక్షణ సెలవు అప్పటికి ఆ రాష్ట్రంలో లేదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఉద్యోగాల్లో స్త్రీల భాగస్వామ్యం దయాదాక్షిణ్యం కాదనీ, రాజ్యాంగం కోరే విషయమనీ చెప్పి, ఆ విధానాన్ని తిరిగి పరిశీలించమని రాష్ట్రాన్ని ఆదేశించింది. చదివి సంతోషించాను. అదే సమయంలో, కాంట్రాక్టు వాళ్ళకూ గంటల లెక్క వాళ్ళకూ ఈ సెలవు ఎవరిస్తారు, తండ్రులు ఎప్పుడు అడుగుతారు అనీ అనుకున్నాను.

అదే ఏడు జూన్‌లో బాబుకి పద్దెనిమిది నిండాయి. మన చట్టం ప్రకారం ఆ రోజు నుంచి తల్లిదండ్రులు వాడికి సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద దరఖాస్తు పెట్టుకుంటే, జిల్లా కలెక్టరు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి ఉండే స్థానిక కమిటీ సంరక్షకుల్ని నియమిస్తుంది. వైకల్యం ఉన్నవాళ్ళ నిర్ణయాలు ఇంకొకరు చేయడమే తప్పని, వాళ్ళు నిర్ణయించుకోవడానికి తోడుండాలని మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్య సమితి ఒప్పందం అంటుంది. నాకూ అదే న్యాయమనిపిస్తుంది. అందుకని బొమ్మల కార్డులు, ఫోటోలు ముందు పరిచి, ఎవరి దగ్గర ఉంటావని వాణ్ణి అడిగాం. నా ఫోటో, వాళ్ళ నాన్నది, అక్కది. వాడు చాలాసేపు చూసి, పక్కనున్న కట్టలోంచి చెరువు బొమ్మ తీసి వాళ్ళ నాన్న చేతిలో పెట్టాడు. మేం అడిగింది ఎవరి దగ్గరని, వాడు చెప్పింది ఎక్కడని. అదీ జవాబే. వాడి ఊరు వాడికి కావాలి.

ఆ దసరాకు మా పాప పూణే నుంచి వచ్చింది, ఎమ్మెస్సీ చదువుతోంది. అత్తమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు. బాబు అప్పుడప్పుడు ఆవిడ గొంతుతో "తిన్నవా బిడ్డా" అంటుంటే అందరం ఒక్క క్షణం ఆగిపోతాం. బతుకమ్మ పూలు సర్దుతూ పాప అడిగింది.

"ఆ కాయితంలో నా పేరు కూడ రాస్తున్నరా అమ్మా?"

"మా తర్వాత నువ్వే కదా బిడ్డా" అన్నాను. ఆలోచించకుండానే అన్నాను.

ఆ పిల్ల గునుగుపూలు పక్కన పెట్టింది. "తమ్ముడంటే నాకు పానం. నేను చూసుకోనని చెప్తలేను. కాని నన్ను ఒక్కసారన్న అడిగిండ్రా? ఆ దినం చెరువు కాడికి పోయినప్పుడు కూడ నువ్వు నన్నే అడిగినవ్. నాన్నను అడగలే."

తొమ్మిదేళ్ళు ఆ పిల్ల ఆ మాట దాచుకుని ఉంది. నేను మరచిపోయిందనుకున్నాను. క్షమించమని అడిగాను. "అప్పుడు నాకు తెలియలేదు" అన్నాను. "నాకు తెలుసు" అంది. అంతకన్నా ఏం మాట్లాడుకోలేదు. ఇద్దరం పూలు సర్దాం.

సంబంధాలు చూసేవాళ్ళు ఆ పిల్లని "తమ్ముడి సంగతేంది?" అని అడుగుతారు. ఇంట్లో అమ్మా నాన్నా "మా తర్వాత నువ్వే" అంటారు. బయటివాళ్ళకు ఆ పిల్ల తమ్ముడి వల్ల లోపమున్న అమ్మాయి. ఇంట్లోవాళ్ళకు తమ్ముడి కోసం పుట్టిన అమ్మాయి. ఇద్దరూ కలిసి ఆ పిల్లని ఆ పిల్లగా చూడరు. నా తర్వాత ఎవరు అనే భయం ప్రతి తల్లికీ ఉంటుంది. ఆ భయానికి జవాబు ఇంకో ఆడమనిషి పేరు అయితే, మనం దేన్నీ మార్చనట్టే. నేషనల్ ట్రస్టుకి ఘరౌందా అని, పెద్దయినవాళ్ళు జీవితాంతం ఉండే నివాసాల పథకం ఉంది. అటువంటి ఇళ్ళు ప్రతి జిల్లాలో, సొంత ఊళ్ళకు దగ్గర్లో కావాలని స్త్రీల ఉద్యమాలు ఎందుకు అడగవు? వసతిగృహాలు, శిశుసంరక్షణ కేంద్రాలు అడిగాం. ఇదీ ఆడవాళ్ళ సమస్యే. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4016 రూపాయలు చేశారు. అది అవసరమే. కానీ ఆ డబ్బుతో ఒక మనిషి పగలూ రాత్రీ చేసే పనిని ఎవరూ కొనలేరు.

దరఖాస్తు ఇవ్వడానికి కొంగర కలాన్ పోయాం. రంగారెడ్డి జిల్లా కలెక్టరేటు 2022లో అక్కడికి వచ్చింది, మాకు దగ్గరే. దరఖాస్తులో ఇద్దరం తల్లిదండ్రులుగా పేర్లు రాశాం. పాప పేరు రాయలేదు. ఎప్పుడైనా తను అడిగి రాయించుకుంటే అది వేరు.

పెద్ద హాలు, జనం, గోడలకు తగిలి తిరిగొచ్చే చప్పుడు. బాబు చెవులు మూసుకున్నాడు. "అమ్మ ఏం చేస్తుంటారు? అమ్మ ఏం చేస్తుంటారు?" అని గట్టిగా అనడం మొదలుపెట్టాడు. కాగితాలు తీసుకునే ఆయన తలెత్తి, నావైపు చూసి, "ఏమంటున్నడమ్మా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపల నా సహచరుడు చెప్పాడు.

"భయమైతుంది, బయటికి పోదామంటున్నడు సార్. నేను తీస్కపోత. ఆమె ఉంటది, కాయితాలు ఆమెకిచ్చి మాట్లాడుండ్రి."

వాడి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.